రాతి అనాసపండు, లంద పొట్టు, బానిసల పటాలం

గోడల వెనక చేతులు – 14



ఈ వారం స్కాట్లాండ్ పోదాం. అక్కడ ఫాల్కిర్క్ పక్కన, ఫోర్త్ నదికి దగ్గర్లో ఎయిర్త్ అనే ఊరుంది. ఆ ఊరి దాపున డన్‌మోర్ పార్క్ అనే పాత జమీందారీ తోట ఉంది. ఆరెకరాల చుట్టూ ఎత్తయిన గోడ, ఆ గోడ మధ్యలో ఒక మండపం. మండపం నెత్తిన గుమ్మటం ఉండాల్సిన చోట ఒక అనాసపండు నిలబడి ఉంటుంది. రాతి అనాసపండు. ఎత్తు దాదాపు 14 మీటర్లు. కింద ఆకులు, మధ్యలో పండు మీది కళ్ళు, పైన కిరీటం లాంటి ఆకుల గుత్తి, అన్నీ రాయిలోనే చెక్కారు. కమాను నడిమి రాయి మీద 1761 అని ఉంటుంది. కట్టించినవాడు జాన్ మర్రే, నాలుగో డన్‌మోర్ ఎర్ల్.

ఇలాంటి కట్టడాలని ఇంగ్లిష్‌లో ‘ఫాలీ’ అంటారు. తిక్క పని, వెర్రి అని అర్థం. 18వ శతాబ్దంలో బ్రిటన్ జమీందార్లకి ఈ పిచ్చి బాగా పట్టింది. ఉండటానికి ఇల్లు కాదు, మొక్కటానికి గుడి కాదు, తోటలో చూసి మురిసిపోవటానికి ఒక బొమ్మ కట్టడం. కొందరు కొత్త రాళ్ళతో శిథిల కోటలు కట్టించారు. అంటే కట్టేటప్పుడే కూలిపోయినట్టు కట్టారన్నమాట. హాగ్లీలో 1740ల చివర్లో కట్టిన అలాంటి దొంగ కోట ఇప్పటికీ ఉంది. జమైకా చెరకు తోటల్లో బానిసల రక్తం మీద పెరిగిన సొమ్ముకి వారసుడైన విలియం బెక్‌ఫోర్డ్ 1796లో ఫాంట్‌హిల్‌లో మఠం పేరుతో పెద్ద గోపురం మొదలుపెట్టాడు. అది 1825లో నిజంగానే కూలింది.

ఐర్లండ్‌లో ఇంకో రకం. 1740-41 కరువులో జనం చచ్చిపోతుంటే కాసిల్‌టౌన్ జమీందారిణి కేథరిన్ కానలీ ఒక కమానుల గోపురం కట్టించి కూలి ఇచ్చింది. ఆమె ఉద్దేశం మంచిదే అనుకుందాం. కానీ ఆకలితో ఉన్నవాడికి ఊరికే గింజలు పెడితే చెడిపోతాడు, పనికిరానిదైనా సరే రాయి మోయించే పెట్టాలి అనే బుద్ధి ఒకటుంది చూశారా, దాన్ని మనం ఎరుగుదుం. 1876-78 కరువులో మద్రాసు దగ్గర బకింగ్‌హాం కాలువ తవ్వించి కూలి ఇచ్చింది కూడా ఆ లెక్కలోనే. కాలువ కనీసం పడవలకి పనికొచ్చింది. కానలీ గోపురం దేనికీ రాలేదు. దాని మీద కూడా రాతి అనాసపండ్లున్నాయి!

ఎందుకీ అనాస? మనకి బండి మీద ముక్కలు కోసి ఉప్పూకారం జల్లి ఇచ్చే పండు. ‘అనాస’ మాట కూడా మనది కాదు. దక్షిణ అమెరికా ఆదివాసుల భాష నుంచి పోర్చుగీసు వాళ్ళ నోట పడి మన ఒడ్డుకి చేరింది. 1493లో కొలంబస్ ముఠా గ్వాడలూప్ దీవిలో ఆ పండు చూసింది. యూరప్ చలికి అది పండదు. ఓడలో తెస్తే దారిలోనే కుళ్ళిపోతుంది. ఏ వస్తువైతే దొరకదో దాని మీదే దొరలకి మోజు. విందు బల్ల మధ్యలో ఒక అనాస పెడితే ఆ ఇంటి హోదా తెలిసిపోయేది. కొనలేనివాళ్ళు ఒక రాత్రికి అద్దెకి తెచ్చి బల్ల మీద పెట్టి, తినకుండా తెల్లారి తిరిగి ఇచ్చేవాళ్ళని చెబుతారు. పెళ్ళికి నగలు అద్దెకి తెచ్చుకోవటం లాంటిదే.

ఇక మండపం సంగతి. దక్షిణం వైపు తోటలోంచి చూస్తే అది రెండంతస్తులు. నేల వాలు వల్ల ఉత్తరం వైపు నుంచి చూస్తే ఒక అంతస్తే. కింద స్తంభాలూ కమానూ అంతా గ్రీకు, రోమన్ పద్ధతిలో బుద్ధిగా ఉంటాయి. పైకి చూపు పోయేకొద్దీ ఆ కట్టడం దారి తప్పుతుంది. కిటికీల పైన రాయి మొలకెత్తి ఆకులుగా సాగుతుంది, ఆ ఆకుల మీద పండు లేస్తుంది. ఎక్కడ భవనం ఆగి ఎక్కడ చెట్టు మొదలైందో వేలు పెట్టి చూపించలేం.

నాకు నచ్చింది ఆ ఆకుల్లోని పనితనం. స్కాట్లాండ్‌లో చలికాలం నీళ్ళు గడ్డకడతాయి. రాయి పగుల్లో నీరు నిలిచి గడ్డకడితే రాయి చీలుతుంది. అందుకని ఒక్కొక్క ఆకుకీ విడివిడిగా వాలు ఇచ్చి, ఎక్కడా చుక్క నీరు నిలవకుండా చెక్కారు. పండు మీద ఉబ్బెత్తు కళ్ళు కూడా అంతే. రెండున్నర శతాబ్దాలుగా ఆ పల్చటి రాతి ఆకులు నిలబడటానికి అదే కారణం. ఈ లెక్క దొరకి తెలుస్తుందా? ఉలి పట్టుకున్నవాడికి తెలుస్తుంది. ఈ కట్టడం గీసిన వాస్తుశిల్పి ఎవరో తేల్చే కాగితం లేదు. పెద్ద పేరున్న విలియం చాంబర్స్‌కి అంటగట్టాలని కొందరు చూశారు, ఆధారం మాత్రం దొరకలేదు. వాస్తుశిల్పి పేరు పోయిందని పుస్తకాల్లో బాధపడతారు. మన వడ్డెరల్లాంటి ఆ రాతి పనివాళ్ళ పేర్లు పోయాయని బాధపడ్డవాళ్ళు తక్కువ.

మండపానికి అటూ ఇటూ ఉన్న గోడ మామూలు గోడ కాదు. లోపల బోలుగా ఉంటుంది. కింద పొయ్యిలు పెట్టి బొగ్గు మండిస్తే వేడి గాలి గోడ కడుపులో తిరుగుతుంది. గోడకి ఆనించి గాజు గదులు, వాటిలో చలి దేశంలో పండని మొక్కలు. మరి పొగ? తోటలో విహరించే దొరసాని కంటికి పొగగొట్టం కనబడితే అసహ్యం కదా. అందుకని గోడ మీద గ్రీకు కూజాల ఆకారంలో నాలుగు కలశాలు నిలబెట్టారు. అవి కూజాలు కావు, పొగగొట్టాలు! దూరం నుంచి చూసేవాడికి కళ, కింద పొయ్యి ఊదేవాడికి మసి. పక్కనే చిన్న గదులున్నాయి, తోట పనివాళ్ళవి. రాత్రిపూట మంట ఆరితే ఏళ్ళ కష్టం పోతుంది. ఎందుకంటే ఒక అనాస చేతికి రావటానికి రెండు మూడేళ్ళు పట్టేది.

మంట ఒక్కటే చాలదు. అనాస వేరుకి అడుగు నుంచి నిలకడైన వేడి కావాలి. పేడ దిబ్బ వేడి మొదట్లో భగ్గుమని, తర్వాత ఆరిపోతుంది. ఈ చిక్కు డచ్చి తోటమాలులు విప్పారు. ఇంగ్లండ్‌లో 1720 ప్రాంతంలో రిచ్‌మండ్‌లోని మాథ్యూ డెకర్ తోటలో హెన్రీ టెలెండ్ అనే తోటమాలి పండించి చూపించాడు. ఈ డెకర్ ఎవరో కాదు, ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు. మన మచిలీపట్నం కలంకారీ బట్టలు, సన్న నేత బట్టలు ఓడలకెక్కించిన కంపెనీయే. సరే, ఏమిటా చిట్కా?

తోళ్ళు ఊనే చోట నుంచి వాడి పారేసిన ఓక్ చెట్టు బెరడు పొట్టు.

తోలు ఊనడానికి అక్కడ ఓక్ బెరడు దంచి నీళ్ళలో వేస్తారు, మనం తంగేడు చెక్క వేసినట్టు. సారం తోలుకి పట్టాక మిగిలిన పిప్పిని పారేస్తారు. ఆ పిప్పిని గోతిలో పేర్చితే నెమ్మదిగా పులుస్తూ, రెండు మూడు నెలల పాటు 25 నుంచి 30 డిగ్రీల వేడిని నిలబెడుతుంది. అడుగున గులకరాళ్ళు, దాని మీద పేడ, ఆపైన ఈ పొట్టు, పొట్టులో కుండీలు పాతేవాళ్ళు. వేడి తగ్గితే కలియబెట్టి కొత్త పొట్టు వేసేవాళ్ళు. ఆ శతాబ్దపు బ్రిటన్‌లో అనాస పండించిన పద్ధతి ఇదే.

లంద వాసన తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి కాబట్టి ఈ సంగతి చదివినప్పుడు చాలాసేపు అక్కడే ఆగాను. లంద పక్క నుంచి పోతూ ముక్కు మూసుకునే సమాజం మనది. బ్రిటన్‌లో కూడా తోలు ఊనే పాకలని ఊరి అంచుకే నెట్టారు. కంపు కొట్టే పనిగానే చూశారు. అయినా రాజుల బల్ల మీద పెట్టే పండు పండాలంటే ఆ పాక నుంచి బండ్ల మీద పొట్టు రావాల్సిందే. తేడా కూడా చెప్పుకోవాలి. అక్కడ తోలు పని ఈసడింపుకి గురైంది గానీ, దాన్ని ఒక కులానికి పుట్టుకతో కట్టేసి అంటరాదని శాస్త్రం రాయలేదు. ఇక్కడ రాశారు. నిజాం తెలంగాణలో చెప్పులూ మోట తోళ్ళూ దొరకి వెట్టిగా ఇచ్చింది మాదిగలే. అన్ని దేశాల్లో పేదలంతా ఒకటే అని తేల్చేసే మిత్రులు ఈ తేడా దాటవేస్తారు.

అలాగని స్కాట్లాండ్‌లో పుట్టుకతో కట్టేయటం లేనే లేదని కాదు. ఇది మన విద్యార్థుల్లో చాలామంది విని ఉండరు. గోడ కడుపులో మండిన బొగ్గు సంగతి చూద్దాం. స్కాట్లాండ్ పార్లమెంటు 1606లో ఒక చట్టం చేసింది. బొగ్గు గనుల్లో, ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళు యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా వేరే చోట పని చేయకూడదు. చేస్తే దొంగల కింద లెక్క. తమ ఒళ్ళు తామే దొంగిలించినట్టు! గని అమ్మితే గనితో పాటు వాళ్ళూ చేతులు మారేవాళ్ళు. బిడ్డకి బాప్తిస్మం ఇచ్చే రోజున తండ్రి చేతిలో యజమాని కాస్త డబ్బు పెట్టేవాడు. తండ్రి పుచ్చుకున్నాడా, ఆ బిడ్డ జీవితాంతం గనికి కట్టుబడినట్టే. అన్యాయంగా ఎవర్నీ చెరలో పెట్టకూడదని 1701లో ఒక చట్టం వచ్చింది. అందులో గని పనివాళ్ళకీ ఉప్పు పనివాళ్ళకీ వర్తించదని విడిగా రాశారు.

అదే 1701లో పెర్త్ కోర్టు అలెగ్జాండర్ స్టూవర్ట్ అనే మనిషికి దొంగతనం నేరం కింద మరణశిక్షకి బదులు శాశ్వత సేవకుడిగా ఆల్వా దొరకి ‘బహుమతి’ ఇచ్చింది. ఆ మాటలు చెక్కిన ఇత్తడి పట్టీ అతని మెడకి వేశారు. తర్వాత ఎప్పుడో అది ఫోర్త్ నదిలో దొరికింది. ఇప్పుడు ఎడిన్‌బరో మ్యూజియంలో ఉంది. ఈ అనాస తోట ఉన్నది ఆ ఫోర్త్ తీరానే. 1761 నాటికి స్కాట్లాండ్ బొగ్గు తవ్వుతున్నది చట్టం కట్టేసిన ఆ మనుషులే, వాళ్ళ ఆడవాళ్ళు బొగ్గు తట్టలు వీపు మీద మోసుకుని నిచ్చెనలెక్కేవాళ్ళు. 1775లో ఆ కట్టు సడలిస్తూ చట్టం వచ్చింది కానీ కోర్టుకి పోయి అడిగి తెచ్చుకోవాలి, గని పనివాడికి కోర్టెక్కడ? పూర్తిగా తెగింది 1799లో.

1775 అనే సంవత్సరం గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఈ కథలో రెండో సగం అక్కడే ఉంది.

అనాస దొర డన్‌మోర్ 1770లో న్యూయార్క్ గవర్నరయ్యాడు, 1771లో వర్జీనియా గవర్నరు. వర్జీనియా అంటే పొగాకు, పొగాకు అంటే ఆఫ్రికన్ బానిసలు. అతనికీ సొంత బానిసలున్నారు. 1774లో షానీ ఆదివాసుల భూముల కోసం యుద్ధం చేశాడు, దానికి ఇప్పటికీ అతని పేరే. 1775లో తెల్ల వలసదార్లు ఇంగ్లండ్ రాజు మీద తిరగబడ్డారు. జూన్‌లో డన్‌మోర్ రాజధాని విలియమ్స్‌బర్గ్ వదిలి యుద్ధనౌకలోకి పారిపోయాడు. చేతిలో సైన్యం లేదు. అప్పుడు 1775 నవంబర్ 7 తేదీతో ఒక ప్రకటన చేశాడు. తిరుగుబాటుదార్ల దగ్గరున్న బానిసలూ కట్టుబడి నౌకర్లూ, ఆయుధం పట్టగలిగి రాజు సైన్యంలో చేరితే, స్వతంత్రులు.

ఇందులోని కిటుకు చూడండి. తిరుగుబాటుదార్ల బానిసలకే. రాజభక్తులైన యజమానుల బానిసలకి లేదు. గవర్నరు గారి సొంత బానిసలకి అసలే లేదు. తర్వాత కాలంలో వర్జీనియాలో పోగొట్టుకున్న ఆస్తికి పరిహారం అడిగినప్పుడు ఆ లెక్కలో బానిసల్ని కూడా రాశాడు.

అయినా జనం కదిలారు. పడవలు దొంగిలించి, చిత్తడి నేలలు దాటి, రాత్రుళ్ళు నడిచి వందలాదిగా వచ్చారు. ప్రకటన మగవాళ్ళ గురించే, కానీ ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. వాళ్ళతో ఒక పటాలం ఏర్పడింది, ఇథియోపియన్ రెజిమెంట్ అని పేరు. వాళ్ళ చొక్కాల మీద బానిసలకు స్వేచ్ఛ అని రాసి ఉండేదని ఆనాటి పత్రికలు రాశాయి. డిసెంబర్ 9న గ్రేట్ బ్రిడ్జ్ దగ్గర ఓడిపోయారు. ఆ తర్వాత ఓడల్లో ఇరుక్కుని ఉండగా మశూచి వచ్చింది. 1776 వేసవిలో గ్విన్ దీవి మీద శవాల్ని లోతులేని గోతుల్లో పూడ్చారు. తుపాకీ గుండు కన్నా ఆ రోగమే ఎక్కువమందిని చంపింది. ఆగస్టుకల్లా డన్‌మోర్ వర్జీనియా వదిలి పోయాడు. బతికి బయటపడి అతనితో ఓడెక్కిన నల్లవాళ్ళు మూడు వందల మంది దాకా.

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాజు మీద మోపిన నేరాల్లో ఒకటి, మా మధ్య అంతర్గత తిరుగుబాట్లు రేపాడని. ఆ తిరుగుబాటు ఇదే. మనుషులంతా సమానంగా పుట్టారని రాసిన కాగితం మీదే, మా బానిసలు లేచిపోయారని ఫిర్యాదు.

ఇప్పుడు మన దగ్గర ఎప్పుడూ నడిచే తగువు. బ్రిటిష్‌వాడు వచ్చాడు కాబట్టే బడి దొరికింది, పటాలం దొరికింది అని మనోళ్ళు కొందరంటారు. వాడు తన లాభానికి చేశాడు, మీరు వాడి తొత్తులు అని అగ్రకుల జాతీయవాదులంటారు. 1818 జనవరి 1న భీమా కోరేగావ్‌లో పేష్వా సైన్యాన్ని ఎదిరించిన మహర్ సిపాయిల మీద ఈ మాట ఏటా వేస్తారు. డన్‌మోర్ కథ పక్కన పెట్టి చూస్తే రెండు వాదనలూ ఒకే తప్పు చేస్తున్నాయనిపిస్తుంది. రెండూ తలుపు తీసినవాడినే చూస్తున్నాయి. డన్‌మోర్ బానిసల మీద ప్రేమతో ఆ ప్రకటన చేయలేదు, నిజం. కానీ ఆ కాగితం మీద సిరా ఆరకముందే వర్జీనియా బానిసలు పారిపోతూనే ఉన్నారు, అతను ఓడెక్కకముందే వెళ్ళి చేర్చుకోమని అడిగినవాళ్ళున్నారు. తలుపు సందు ఎంతుంటే అంతలోంచి దూరారు. యజమాని దేశభక్తి కోసం తన సంకెల దాచుకోవాల్సిన పని బానిసకి లేదు. మహర్ సిపాయికీ లేదు. అవసరం తీరాక ఏం జరిగిందో కూడా రెండు చోట్లా ఒకటే. 1890ల మొదట్లో ఇంగ్లిష్ సర్కారు మహర్లని సైన్యంలోకి తీసుకోవటం ఆపేసింది. సుబేదారు రామ్‌జీ కొడుకు అంబేడ్కర్‌కి అప్పటికి ఏడాదో రెండేళ్ళో. ఫూలే 1873లో ‘గులాంగిరి’ని అమెరికాలో బానిసత్వం రద్దు చేసిన ప్రజలకి అంకితమిచ్చాడు. ఆ రద్దు పై నుంచి దిగి రాలేదు, ఇలా పారిపోయిన కాళ్ళ కింద నుంచి మొదలైంది.

డన్‌మోర్ 1787లో బహామాస్ గవర్నరయ్యాడు. యుద్ధం తర్వాత స్వేచ్ఛ దొరికిందని నమ్మి అక్కడికి వచ్చిన నల్లవాళ్ళ విషయం తేల్చటానికి ఒక కోర్టు పెట్టాడు. అది చాలామందిని బానిసలుగానే తేల్చింది. పన్నెండేళ్ళ కింద స్వేచ్ఛ ప్రకటించిన చెయ్యి అదే. కోటలు కట్టే పిచ్చి మాత్రం పోలేదు. నసావ్‌లో ఫోర్ట్ షార్లెట్ కట్టించాడు, ఆ కోట నుంచి యుద్ధంలో ఒక్క గుండూ పేలలేదు. 1793లో ఓడ ముక్కు ఆకారంలో ఫోర్ట్ ఫిన్‌కాసిల్ కట్టించాడు. అనాస ఆకారంలో మండపం, ఓడ ఆకారంలో కోట! 1809లో చచ్చిపోయాడు. అతని అనాస మండపం 1970ల్లో బాగుచేయించుకుని ఇప్పుడు సెలవులకి అద్దెకిచ్చే విడిది అయింది. తోట పనివాళ్ళ గదుల్లోనే అతిథులు పడుకుంటారు.

అతని ప్రకటన విని లేచిపోయినవాళ్ళలో ఒకరి పేరు మాత్రం కాగితాల్లో మిగిలింది, హ్యారీ వాషింగ్టన్. ఆఫ్రికాలోని గాంబియా నది ప్రాంతంలో పుట్టాడు. 1763లో జార్జ్ వాషింగ్టన్ కొన్నాడు, చిత్తడి నేలల్లో నీళ్ళు తోడే పనికి పెట్టాడు. తర్వాత గుర్రాల పని. 1771లో ఒకసారి పారిపోయి దొరికిపోయాడు. 1776లో మళ్ళీ పారిపోయి డన్‌మోర్ మనుషుల్లో కలిశాడు, ఈసారి దొరకలేదు. తన పాత యజమాని సైన్యం మీదే రాజు సైన్యంలో పనిచేశాడు. 1783లో బ్రిటిష్‌వాళ్ళు న్యూయార్క్ ఖాళీ చేస్తూ తమతో పోతున్న దాదాపు మూడు వేల మంది నల్లవాళ్ళ పేర్లు ఒక పుస్తకంలో రాశారు. అందులో హ్యారీ పేరుంది, జార్జ్ వాషింగ్టన్‌ని వదిలి వచ్చి ఏడేళ్ళయిందని కూడా ఉంది. నోవా స్కోషియా చలిలో రాళ్ళ నేల ఇచ్చారు. 1792లో దాదాపు 1,200 మందితో కలిసి ఓడెక్కి సియెర్రా లియోన్ చేరాడు. అక్కడ కంపెనీవాళ్ళు ఇస్తామన్న భూమికి శిస్తు కట్టమన్నారు. శిస్తు కడితే మళ్ళీ బానిసలమేనని వాళ్ళు తిరగబడ్డారు, 1800లో. అణచటానికి కంపెనీ జమైకా నుంచి వచ్చిన మరూన్లని దింపింది. మరూన్లంటే ఎవరనుకుంటున్నారు, వాళ్ళూ పారిపోయిన బానిసల సంతతే. హ్యారీని పట్టుకుని విచారణ చేసి, నదికి అవతలున్న బుల్లమ్ తీరానికి వెళ్ళగొట్టారు.

ఆ ఫ్రీటౌన్ తిరుగుబాటు, మరూన్ల సంగతి వచ్చే ఆదివారం 15వ భాగంలో రాస్తాను.